ఆకే గదా, నష్టమేముంది

పొడపత్రి అనే తీగ ఒకటుంది. మా వైపు గుడ్మార్ అంటారు. సిరికొండ గుట్టల్లో తుప్పల మీద అల్లుకొని పెరుగుతుంది. దాని ఆకు నమిలి ఊసేసి, ఆ తర్వాత చక్కెర నోట్లో వేసుకుంటే తీపి తెలియదు. ఇసుక నమిలినట్టుంటుంది. అరగంటో గంటో గడిస్తే నాలుక మళ్లీ మామూలవుతుంది. ఇది ఆకు గుణం. ఇందులో దేవుడి పని లేదు, దయ్యం పని లేదు.

ఎనభైల చివర్లో నేను ఈ సంగతి ఊరూరా తిరిగి చెప్పాను. చెప్పవలసి వచ్చింది. ధర్పల్లి వైపు ఒక బాబా వెలిశాడు. ఇంట్లో సొమ్ము పోయినవాళ్లు ఆయన దగ్గరికి పోతే, అనుమానమున్న మనుషులను వరసగా కూర్చోబెట్టి ముందు ఒక పసరు ముద్ద నాకించేవాడు. తర్వాత మంత్రం చదివిన చక్కెర పెట్టేవాడు. ఎవరి నోట్లో చక్కెర మట్టి అవుతుందో వాళ్లు దొంగ. అందరికీ పెట్టే ముద్ద ఒకటే కాదని వేరే చెప్పనక్కరలేదు. వెండి కడియాలు తీసిందని నింద పడ్డ, కూలికి పోయే ఒక కైకిలి మనిషి, చక్కెర నోట్లో పెట్టుకొని, "మన్నే" అని తానే ఒప్పుకుంది. తీయకపోయినా తీశానని తానే నమ్మింది. నాకు కోపం వచ్చింది అక్కడే. మనిషి నాలుక మీదనే ఆ మనిషికి విరుద్ధంగా సాక్ష్యం పుట్టిస్తారా?

నేను నిజామాబాద్‌లో ప్రభుత్వ బడిలో సైన్సు టీచర్ని. పుట్టింది మెథడిస్టు కుటుంబంలో. ఇంటర్ చదివేటప్పుడే చర్చికి పోవడం మానేశాను. ఏడాది పాటు మా బాపుతో వాదించాను. ఇద్దరం అలిసిపోయి ఊరుకున్నాం. మా హేతువాదుల బృందంలో అప్పట్లో పదిమందిమి కూడా లేము. ఉన్నవాళ్లమే సంచిలో ఆకు, డబ్బాలో చక్కెర పెట్టుకొని ఇందల్వాయి, సిరికొండ, ధర్పల్లి తిరిగాం. సభలోంచి ఇద్దర్ని పిలిచి ఆకు నమిలించి చక్కెర పెడితే, వాళ్ల మొహాలు చూసి జనం పడి పడి నవ్వేవాళ్లు. బోధన్‌లో ఒక సభకు చక్కెర ఫ్యాక్టరీ కార్మికులే ఎక్కువ వచ్చారు. ముందుకొచ్చినాయన నోరు వంకర పెట్టి, "పన్నెండేండ్ల సంది గీ చక్కెర బస్తాలే మోస్తున్న, గిసొంటి చక్కెర ఎన్నడు సూడలే" అన్నాడు. ఆ నవ్వులోనే నేను గొంతు పెంచి నా మాట చెప్పేదాన్ని. శక్తి ఉన్నది బాబాలో కాదు, ఆకులో. మంత్రాన్ని నమ్మకండి, ఆకును నమ్మండి.

ఆ చివరి రెండు మాటలు ఎన్ని ఊళ్లలో అన్నానో నాకే గుర్తు లేదు.

మాకు ఆకు తెచ్చిచ్చే ఆయన బోధన్ బస్టాండు పక్కన గుడ్డ పరిచి వేళ్లు, బెరళ్లు, ఎండు కాయలు అమ్ముకునేవాడు. అడవి తెలిసిన మనిషి. మా సభలన్నింటిలో ముందు వరసలో కూర్చునేవాడు. ఒక ఏడాది గడిచాక నేను మా అక్కతో కలిసి అటు పోతుంటే ఆయన గుడ్డ స్థానంలో బల్ల కనిపించింది. బల్ల మీద కాగితం పొట్లాలు. వెనుక రేకు మీద రంగుతో రాయించాడు: మంత్రం లేదు, మాయ లేదు, ఆకు శక్తి, ఆకలి కట్టే పొడి, ఒళ్లు తగ్గును.

"నమస్తే టీచరమ్మ. అంత మీ పుణ్యమే" అన్నాడు.

"నా దగ్గర పుణ్యం అనకు."

"తప్పయింది. మీ సైన్సే."

నాకు నవ్వొచ్చింది. పొట్లం చేతిలోకి తీసుకొని, "ఏం కలుపుతున్నవ్ ఇందులో?" అని అడిగాను.

"గుడ్మారే టీచరమ్మ. ఇంకో రెండు ఆకులు. తిండికి ముంగట నాలుక మీద ఏసుకొని సప్పరియ్యాలె. తీపి తెల్వకపోతే తినబుద్ధి గాదు. తినకపోతే ఒళ్లెట్ల పెరుగుతది?"

లెక్క కుదిరినట్టే ఉంది. ఆ మిగతా రెండు ఆకులు ఏమిటి, ఎవరు తినకూడదు, ఎంత తినాలి, ఎన్నాళ్లు తినాలి? ఆయన స్థానంలో ఒక స్వామి ఉంటే ఇరవై ప్రశ్నలు వేసేదాన్ని. ఆయన్ను ఒక్కటే అడిగాను. మంత్రం లేదని రేకు మీద రాసుంది కదా, ఇంకా అడిగేదేముంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. జనం తాయెత్తు వదిలి ఆకు దగ్గరికి వచ్చారు, అది మా తిరుగుడు ఫలితమే అనుకున్నాను.

అక్క పొట్లం వాసన చూసి, "ఏమే, తినొచ్చునా?" అని అడిగింది.

"ఆకే గదా, నష్టమేముంది" అన్నాను.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. బావ బోధన్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. క్వార్టర్లో ముందు గదిలో మిషన్ వేసుకొని అక్క జాకెట్లు కుట్టేది. క్వార్టర్లలో సగం మంది ఆడవాళ్ల నడుము కొలత ఆమెకు నోటికి వచ్చు. మనిషి గుమ్మం దాటి లోపలికి రాగానే, "ఇంచు పెరిగినవ్ పిల్లా, రాత్రి బువ్వ తగ్గియ్యి" అని హాస్యమాడేది. ఎదుటివాళ్లు ఊరుకుంటారా? "ముందు నీ నడుముకు టేపు సరిపోతదేమో సూసుకో అక్కా" అనేవాళ్లు. అక్క అందరికంటే గట్టిగా నవ్వేది. క్రషింగ్ సీజన్లో చెరుకు బండ్లు వరసగా నిలబడినప్పుడు అక్క రోడ్డు దాటుతుంటే ఒక బండి మనిషి, "జరుగుండ్రి, లోడు బండి అస్తుంది" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే చెప్పింది. రెండోసారి ఎవరో అట్లాగే అన్నప్పుడు మాత్రం నాకు చెప్పలేదు. బావకు చెప్పి ఏడ్చిందని చాలా కాలం తర్వాత తెలిసింది.

ఆమెకు షుగర్ ఉంది. డిస్పెన్సరీలో ఇచ్చిన గోలీలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకునేది. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని చెప్పుకొనే వీలు నాకు లేదు.

మరుసటి సంవత్సరం శ్రమదినాలు వచ్చాయి. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మా వాళ్లలో చాలామంది ఒక పూట తిని ప్రార్థనలో ఉంటారు. ఒక ఆదివారం నేను బోధన్ పోయేసరికి అక్క మెడ సన్నబడి ఉంది, చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నాకు భోజనం పెట్టి తాను పెట్టుకోలేదు. బావ నా చూపు కనిపెట్టి, "మీ అక్క నలబై దినాల ఉపాసం పట్టింది. పాస్టరయ్య గూడ మెచ్చుకున్నడు, గింత నిష్ఠ ఎవ్వలకు లేదని" అన్నాడు.

ఇంకేం కావాలి నాకు? పళ్లెం పక్కకు నెట్టి మొదలుపెట్టాను. కడుపు మాడ్చుకుంటే ఏ దేవుడికి సంతోషం, సంతోషపడేవాడు దేవుడెట్లా అవుతాడు, తిండి లేని ఇళ్లు ఈ ఊళ్లో ఎన్ని లేవు, వాళ్లందరికీ మోక్షం ఎందుకు రాలేదు? అరగంట మాట్లాడి ఉంటాను. అక్క బాబిన్‌కు దారం చుట్టుకుంటూ అంతా విన్నది. బావ బయటికి పోయాక మెల్లగా అంది.

"అయిపోయిందా నీ ప్రసంగం? ఉపాసం గాదే. నీ ఆకే."

"ఏ ఆకు?"

"బస్టాండు కాడి పొడి. రెండు నెలలైంది. అసలు ఆకలే అయితలేదు. అందరు ఉపాసమంటుండ్రు, అననీ అని ఊకున్న. ఒళ్లు తగ్గనీకి తింటున్న అంటే నవ్వరా?"

కొలతల నోట్‌బుక్ తీసి చివరి పేజీ చూపించింది. వారం వారం తన నడుము తానే కొలుచుకొని రాసుకుంది. అంకెలు మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. "నువ్వే గదా అంటవ్, ఎవ్వలు జెప్పింది నమ్మొద్దు, కొలిచి సూడాలె అని. కొలిచిన. నా టేపు అబద్ధమాడుతదా?"

అప్పుడు నేనేం చేశానో రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను. నేను సంతోషించాను. అక్క దేవుడి కోసం ఎండిపోవడం లేదు, ఆకుతో తగ్గుతోంది. పైగా కొలిచి రాసుకుంటోంది. పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కొని ఆమె ముందే కడుపునిండా తిన్నాను. ఆమె తినకపోవడం అరగంట ముందు నాకు అన్యాయంగా కనిపించింది. అరగంట తర్వాత అదే పస్తు, అదే మెడ, అవే జారే గాజులు చూసి నిశ్చింతపడ్డాను. మధ్యలో మారింది కారణం ఒక్కటే. నేను మనిషిని చూడలేదు, కారణాన్ని చూశాను. గోలీలు వేసుకుంటున్నావా అని అడగలేదు. డిస్పెన్సరీలో చెప్పావా అని అడగలేదు. సాయంత్రం బస్సెక్కి నిజామాబాద్ వచ్చేశాను.

పది రోజులకు బడికి కబురొచ్చింది.

ఆ రోజు జరిగింది పక్క క్వార్టరామె చెప్పగా విన్నాను. పొద్దున్నే అక్క గోలీ వేసుకుంది. టీ తాగింది, ఏమీ తినలేదు. పదకొండు దాటాక మధ్యాహ్నం తిండికి ముందని పొడి చప్పరించింది. కాసేపటికి ఒకామె జాకెట్ కొలతకు వచ్చింది. టేపు ఆమె భుజం మీద పెట్టి అక్క పొంతన లేని మాటలు మొదలుపెట్టింది. ఒళ్లంతా చెమట. కూర్చోమంటే తిట్టింది. మా అక్క ఎవరినీ తిట్టే మనిషి కాదు.

"షుగరున్నోళ్లకు గిట్ల సెమటలు వడితె చక్కెర పెట్టాలెనని నాకు తెల్సు" అంది పక్కింటామె. "గుప్పెడు దీస్కపోయి నోట్ల వెట్టిన. తుపుక్కున ఊసింది. నోట్ల మన్ను వోస్తున్నరు, నన్ను సంపుతున్నరు అని ఒర్లింది. మల్ల వెట్టిన, మల్ల ఊసింది. చెయ్యి కొరికింది. ఏమనుకోవాలె మరి? చక్కెరను మన్నంటుంటే మనిషికి ఏమో సోకిందనుకున్నం."

వాళ్లు ప్రార్థన మొదలుపెట్టారు. నలుగురు ఆడవాళ్లు అక్క చుట్టూ మోకాళ్లేసి, చేతులు ఆమె తల మీద పెట్టి ప్రార్థించారు. బావను షిఫ్టు నుంచి పిలుచుకొచ్చి, జీపు దొరికి, డిస్పెన్సరీకి చేర్చేసరికి గంట దాటింది. అక్కడ సూదితో గ్లూకోజ్ ఎక్కించి నిజామాబాద్ పంపారు. ఇంతకు ముందైతే ఆ నలుగురి మీద నేనొక వ్యాసం రాసి ఉండేదాన్ని. కానీ వాళ్లు ముందు చక్కెరే పెట్టారు. సరైన పని వాళ్లే చేశారు. చక్కెరను మట్టి చేసింది వాళ్ల దేవుడు కాదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. చేతిలో కాగితం పెట్టుకొని వరసగా అడిగింది. ఏం గోలీలు, ఎప్పుడు వేసుకుంది, ఏం తిన్నది. నేను పొట్లం చూపించాను.

"మాత్రలు వేసుకుంటూ తిండి మానేసిందా? ఈ ఆకు కూడా షుగర్ని దించేదే. ఇంకా ఏం కలిపారో ఎవరికి తెలుసు. మీకెవరు చెప్పారండీ ఇది తినొచ్చని?"

"నేనే చెప్పాను" అన్నాను.

"మీరేం చేస్తుంటారు?"

"సైన్సు టీచర్ని."

ఆమె తలెత్తలేదు. రాసుకుంటూనే ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

అక్క మూడో రోజు కళ్లు తెరిచింది. బావను గుర్తుపట్టింది, నన్ను గుర్తుపట్టింది. మాట మెల్లగా తిరిగి వచ్చింది. ప్రాణం దక్కిందని అందరం కుదుటపడ్డాం. ఇంటికొచ్చాక తెలిసింది ఏం పోయిందో. టేపు పట్టుకొని ముప్పై రెండు అంటుంది, రాయడం ఇరవై మూడు రాస్తుంది. గుడ్డ మీద సుద్దతో గీత గీస్తుంది, ఎక్కడ కోయాలో తోచదు. హుక్కులు కుట్టగలదు, అంచులు మడవగలదు, మిషన్ తొక్కగలదు. కొలిచి కోయడం పోయింది. మెదడుకు ఎక్కువసేపు చక్కెర అందకపోతే ఇట్లా అవుతుంది, కొంత తిరిగి రావచ్చు అంది డాక్టరమ్మ. కొంతే వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను బోధన్ పోయి వచ్చిన వాళ్ల కొలతలు తీసి, గుడ్డ మీద గీసిచ్చేదాన్ని. అక్క పక్కన నిలబడి కత్తెర పట్టుకునేది.

బస్టాండు దగ్గరికి పోయాను. ఆకుల ఆయనకు సంగతి అప్పటికే తెలిసింది. నేను అరిచాను. ఆయన అంతా విని చేతులు కట్టుకున్నాడు.

"షుగరున్నదా అని అడుగాలెనని నాకెవ్వలు జెప్పిండ్రు టీచరమ్మ? నేను సదువుకోనోన్ని. మీరు గూడ అడుగలే గదా."

కొన్నాళ్లు ఆయన బల్ల వేయలేదు. తర్వాత మళ్లీ వేశాడు. రేకు మీది మాటలు అవే.

బోధన్‌లోనే సభ పెట్టి అంతా చెప్పాలని నేను పట్టుబట్టాను. మా బృందంలో రెండు రకాలుగా మాట్లాడారు. మనమే తప్పన్నామంటే రేపు ప్రతి బాబా దాన్ని పట్టుకుంటాడు అన్నారు కొందరు. పట్టుకోనీ అన్నాను. పిల్లలకు తప్పు దిద్దుకొమ్మని చెప్పే మనిషిని, నా తప్పు దాచుకొని ఏ మొహంతో నిలబడను? కానీ అడ్డం వచ్చింది వాళ్లు కాదు. అక్క.

"సభల జెప్తవా? జెప్పు. ఆకు మంచిది గాదని జెప్పు. గని నేను ఒళ్లు తగ్గనీకి తిన్న అని మాత్రం అనకు. ఉపాసం ఉండి పడిపోయింది అను."

"నేను అబద్ధం చెప్పాలా అక్కా? అదీ ఉపవాసం మీద పెట్టి?"

"నీకేం వోయింది? నీకు వాదం. నేను గీ ఊర్లె బతకాలె. ఉపాసముంటె మర్యాద జేస్తరు. నడుము కోసం సావనీకి వోయిందంటె లోడు బండి కథలే జెప్పుకుంటరు. ఒట్టు వెయ్యి."

ఒట్టు మీద నాకు నమ్మకం లేదు. అయినా ఆమె నా చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఆమెకు నేను పోగొట్టింది అప్పటికే ఎక్కువ. అబద్ధం చెప్పను, నిజం కూడా చెప్పను అని మాటిచ్చాను. సభ పెట్టాను. ఆ ఆకు షుగర్ దించుతుంది, గోలీలతో కలిపితే ప్రమాదం అన్నాను. వెనుక నుంచి ఎవరో, "ఎవ్వలకన్న అయిందా టీచరమ్మ?" అని అడిగారు. ప్రదర్శన లేకుండా నేనెప్పుడూ ఏదీ చెప్పలేదు. ఆ రోజు చూపించడానికి నా దగ్గర ఉన్నది అక్క ఒక్కతే. అయ్యే అవకాశం ఉంది అన్నాను. జనం లేచి పోయారు. పొడి అమ్మకం ఏం తగ్గలేదు.

వర్షాలు మొదలైన ఒక ఆదివారం, ముప్పై అయిదేళ్ల ఒకామె జాకెట్ గుడ్డ పట్టుకొని అక్క ఇంటికి వచ్చింది. ఫ్యాక్టరీ లారీ డ్రైవర్ భార్య. నేను కొలత తీస్తుంటే పాత ఆది జాకెట్ కంటే రెండించులు తక్కువ వచ్చింది. ఆమె మొహం వెలిగింది.

"సూసినవా అక్కా, నాలుగు వారాలల్ల. నీ లెక్క నేను ఉపాసాలుండ. బస్టాండు పొడి. ఆకలే కాదు."

"గోలీలేమన్న ఏసుకుంటున్నవా?" అన్నాను నేను. అప్పటికి ఆ ప్రశ్న నేర్చుకున్నాను.

"షుగర్‌వి. పోయిన సంవత్సరం సంది."

నేను అక్క వైపు చూశాను. మాటిచ్చిన మనిషిని. ఏం చెప్పాలన్నా ఒక ఉదాహరణ కావాలి, ఆ ఉదాహరణ నా ఎదురుగా కత్తెర పట్టుకొని నిలబడి ఉంది. ఆకు మంచిది కాదు అన్నాను. ఆమె నవ్వి, "మీరు సభల గూడ గదే అన్నరంట. ఎవ్వలకు ఏం గాలేదంట గదా" అంది.

అక్క కత్తెర మిషన్ మీద పెట్టింది.

"నాకైంది" అంది. "ఉపాసం లేదు, ఏం లేదు. నేను గూడ గదే పొడి తిన్న. నడుము తగ్గాలెనని తిన్న. గోలీలు ఏసుకుంట తిన్న. గందుకే పడిపోయిన. గందుకే గీమెతోని కొలతలు తీపిస్తున్న. నాకు అంకెలు రావిప్పుడు."

గదిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, బయట అరుగు మీద ఒకామె. అక్క ఎవరి వైపూ చూడలేదు. డ్రైవర్ భార్య మాత్రం గోడకు ఆనుకొని కింద కూర్చుంది.

"పొద్దుగాల గోలీ ఏసుకున్నవా?" అని అక్క అడిగింది.

"ఏసుకున్న."

"ఏమన్న తిన్నవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అక్క లోపలికి పోయి పళ్లెంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చింది.

"ఆకలైతలేదక్కా."

"ఆకలి గాకున్న తిను. నా ముంగట తిను. తిన్నంక మా సెల్లె నిన్ను డాక్టర్ కాడికి తోల్కపోతది."

ఆమె చిన్న ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అక్క ఆమె ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా అక్క అక్కడి నుంచి లేవలేదు.